తలకిందులైన మట్టి

పోయినసారి మనం పిచ్చుకను కోల్డ్ రూమ్‌లో, చేతిలో సన్నటి ఉక్కు తీగతో, అప్పుడే చీల్చిన మట్టి ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. రెప్ప కూడా వేసినట్టు లేదు.

పిచ్చుక అన్నది అన్నయ్య పెట్టిన పేరు. గొంతు చిన్నది, మనిషి చిన్నది, ఎదురుగా ఎవరైనా వస్తే గోడవారగా తప్పుకుంటుంది. ఇంట్లో పుట్టిన ఆ పేరు ఎలా పాకిందో పరిశోధన భవనం దాకా పాకింది. ఇప్పుడు హాజరు పట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడదు. ఆమె పని, సముద్రం అడుగు నుంచి గొట్టాల్లో తెచ్చిన మట్టిని నిలువునా రెండుగా చీల్చి, లోపల ఏ పొర మీద ఏ పొర ఉందో కొలిచి రాయడం.

ఆ సముద్రం ఒకప్పుడు సముద్రం కాదు. పెద్ద గిన్నెలాంటి నేల. గిన్నె అడుగున మంచినీళ్ల సరస్సు, సరస్సు ఒడ్డున తుంగ, తుంగ వెనక ఇళ్లు. ఎనిమిది వేల ఏళ్ల కిందట ఒక పక్క గట్టు తెగి ఉప్పునీళ్లు లోపలికి వచ్చాయి. ఒడ్డున ఉన్నవాళ్లు ఏమయ్యారో ఎవరికీ తెలియదు. ఎముక ముక్క కూడా దొరకలేదు. వాళ్లను వెతుకుతూనే, ఈ పరిశోధన నడిపించే పెద్ద మేడమ్ తల నెరిసింది.

ఈ రోజు ఆ మేడమ్ ఓడ మీద ఉంది. పిచ్చుక అన్నయ్య కూడా అదే ఓడలో ఉన్నాడు. అతను డైవర్. నలభై మీటర్ల లోతులో, పై బురదను రెండు రోజులుగా పీల్చి శుభ్రం చేసిన చోట, మధ్యాహ్నం రెండు గంటలకు, తవ్వకం సామాన్లు పట్టే నాలుగు టన్నుల ఇనుప పంజరాన్ని దించుతారు. దాని పక్కనే నిలబడి కుదురుగా కూర్చోబెట్టాల్సింది అన్నయ్యే. అక్కడి నేల ఆ బరువు మోస్తుందో లేదో ఒంటిగంటలోగా పిచ్చుక చెప్పాలి. అదే చోట వారం కిందట మూడు గొట్టాలు దింపి తీసిన మట్టే ఇప్పుడు ఆమె ముందుంది.

రెండు గొట్టాలు నిన్ననే చీల్చారు. గట్టి బంకమట్టి తగిలింది. గొట్టాల చివర జానెడు ఖాళీగా ఉన్నా పరవాలేదనుకున్నారు. మూడోది ఇందాక చీల్చితే కోత అద్దంలా నున్నగా వచ్చింది. నల్లటి మట్టిలో తుంగ కాడలు పచ్చగా మెరిశాయి. ఎనిమిది వేల ఏళ్లుగా గాలి ఎరగని పచ్చదనం అది. గాలి సోకగానే, ఆమె చూస్తుండగానే, గోధుమ రంగుకు తిరిగి నల్లబడిపోయింది. అది పిచ్చుకకు కొత్తేం కాదు. ఆమె ఊపిరి ఆగింది కాడలను చూసి కాదు, వాటి వేర్లను చూసి.

వేర్లు పైకి ఉన్నాయి.

ఎక్కడైనా వేరు కిందికి దిగుతుంది. ఇక్కడ ఆ జుట్టులాంటి సన్నటి వేర్లన్నీ సముద్రం వైపు చాచుకుని ఉన్నాయి. ఆమె నిన్నటి రెండు గొట్టాల ట్రేలను బల్ల మీదికి లాగింది. నిన్న తీగ వెంట మట్టి అలుక్కుపోయి ఆ భాగం మసకగా కనిపించింది. ఇప్పుడు చిన్న చాకుతో పైపైన గీరి చూసింది. అక్కడా వేర్లు పైకే. మూడింట్లోనూ ఒకే పొరలో, ఒకే లోతులో.

మూడు గొట్టాలూ తలకిందులుగా పడుకోబెట్టారన్న మాట. ఇంకేం అర్థం ఉంటుంది? అని పిచ్చుక మనసు వెంటనే బాబాయ్ మీదికి పోయింది.

ఆ భవనంలో గొట్టాన్ని ట్రేలో పడుకోబెట్టే పని ముప్ఫై ఏళ్లుగా బాబాయ్‌దే. నాన్న పోయాక ఈ అన్నాచెల్లెళ్లను పెంచింది ఆయనే. పిచ్చుకకు ఈ పని నేర్పిందీ ఆయనే. ఓడ మీద గొట్టం పై కొసకు నీలం మూత, కింది కొసకు ఎర్ర మూత వేస్తారు. ఇక్కడ మూతలు తీసేముందు నీలం కొసను గోడ వైపుకు, ఎర్ర కొసను తలుపు వైపుకు పెట్టాలి. మట్టి కూడా మనిషిలాగే పడుకోవాలమ్మా, తల గోడ వైపు, కాళ్లు తలుపు వైపు అంటాడు బాబాయ్. ఆ ఒక్క క్షణం పొరపాటు పడితే ఎనిమిది వేల ఏళ్ల చరిత్ర వెనక్కి నడుస్తుంది. వరద ముందు వస్తుంది, ఊరు తర్వాత వస్తుంది.

ఈ మధ్య ఎనిమిది నెలలుగా బాబాయ్ ఆమె రాకముందే వచ్చి, మూతలు తీసి, కడిగి బకెట్లో వేసేస్తున్నాడు. ముసలితనానికి నిద్ర పట్టక వస్తున్నాడనుకుంది ఇన్నాళ్లూ.

బయటి గదిలో బాబాయ్ తొట్టి దగ్గర ఖాళీ గొట్టాలు కడుగుతున్నాడు. ఆమె రావడం విని, అరగంట నుంచి చప్పుడు లేదేమిటి, మట్టిలో నిధి దొరికితే చెరి సగం అన్నాడు. పిచ్చుక నవ్వలేదు. నవ్వకపోగా, తను చేస్తున్న పనికి తనకే సిగ్గు వేస్తుండగా, మెల్లగా అడిగింది.

"బాబాయ్, ఆ బకెట్లోంచి ఒక నీలం మూత అందుకో."

బకెట్లో నీలాలూ ఎరుపులూ కలిసి ఉన్నాయి. బాబాయ్ వంగి ఒక మూత తీశాడు. దాని అంచు చుట్టూ బొటనవేలితో తడిమాడు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు. మళ్లీ తడిమాడు. మూడోదాని అంచు కాస్త చిట్లిన చోట వేలు ఆగింది. ఆగింది గానీ ఆయన ముఖంలో నమ్మకం రాలేదు. అయినా చెయ్యి చాపి ఇచ్చాడు.

అది ఎరుపు.

ఆమె దాన్ని తిరిగి బకెట్లో వేసింది. ఆ చప్పుడుతోనే ఆయనకు తెలిసిపోయింది. కుళాయి కట్టేశాడు. గొట్టాల్లోంచి చివరి చుక్కలు తొట్టిలో పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

కళ్ల వెనక పొర దెబ్బతిందని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైందట. నీలం, ఎరుపు రెండూ ఆయనకు ఒకే బూడిద రంగు. ఆపరేషన్ అంటే నెలల సెలవు, సెలవంటే ఈ వయసులో ఇక మళ్లీ రానక్కర్లేదనడమే. అందుకని అన్నయ్యతో చెప్పుకున్నాడు. అన్నయ్య ఓడ మీద ప్రతి నీలం మూత అంచుకూ చాకుతో చిన్న గాటు పెట్టి పంపుతున్నాడు. బాబాయ్ వేలితో తడిమి గాటు ఉన్న కొసను గోడ వైపు పెడుతున్నాడు. ఎనిమిది నెలలుగా ఇద్దరి మధ్యా నడిచిన రహస్యం ఇది.

పిచ్చుకకు కోపం వచ్చింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

"నాకొక్క ముక్క చెప్పలేదు. నేను రాసిన ప్రతి కాగితం నీ వేలి కింద గాటు మీద నిలబడి ఉందా, బాబాయ్?"

"నీకు చెబితే అబద్ధం ఆడలేవు కదే. ఎవరైనా అడిగితే నీ ముఖమే చెప్పేస్తుంది."

"ఈ మూడు గొట్టాలకూ గాటు ఉందా?"

బాబాయ్ జవాబు ఇవ్వడానికి చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు. ఆ రోజు అన్నయ్య నీళ్ల కింద ఉన్నాడట. మూతలు వేరెవరో వేశారు. గాట్లు లేవు.

మూడు గొట్టాలూ తలకిందులేనని ఆమె చెప్పేసింది. వేర్ల సంగతి కూడా చెప్పింది. చెబుతుంటే ఆమెకు లోపల ఒక మూల తేలికగా అనిపించింది కూడా. ఎందుకంటే మట్టి తలకిందులైతే ఆ నేల గట్టిదే. గొట్టం చివర ఉన్న జానెడు ఖాళీ కింది వైపుది కాక పై వైపుది అవుతుంది, పైన అంత నీళ్ల ఖాళీ ఎప్పుడూ ఉండేదే. పంజరం దించొచ్చు. అన్నయ్యకు ఏమీ కాదు. బాబాయ్ పరువు ఒక్కటే పోతుంది.

కానీ బాబాయ్ ముడుచుకుపోలేదు. తిన్నగా లేచి, గోడ పట్టుకోకుండా, కోల్డ్ రూమ్‌లోకి నడిచాడు.

"కళ్లు పోయాయి గానీ పళ్లు పోలేదే. గాటు లేని రోజున నేను ఊరికే పెట్టాననుకున్నావా? మూడూ కొరికి చూసే పెట్టాను. నమ్మకపోతే నువ్వూ కొరుకు."

ఇది బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ మట్టి పని చేసేవాళ్లు అందరూ చేసేదే. నీళ్లలో మట్టి దిగేటప్పుడు బరువైన నూక ముందు దిగుతుంది, మెత్తటిది తర్వాత దిగుతుంది. కాబట్టి ప్రతి పొరలో గరుకు కింద ఉంటుంది, నునుపు పైన ఉంటుంది. ఆ తేడా కంటికి అందదు. చిటికెడు తీసి ముందు పళ్ల మధ్య పెడితే అందుతుంది. గరుకుది కరకరలాడుతుంది, మెత్తటిది వెన్నలా జారిపోతుంది. బాబాయ్ అన్నం కన్నా మట్టే ఎక్కువ తిన్నానని ఊరికే అనడు.

పిచ్చుక మూడో గొట్టంలో, తుంగ పొరకు పైన ఉన్న సముద్రపు బురదలోంచి చిటికెడు తీసి నాలుక మీద కాకుండా పళ్ల మీద పెట్టుకుంది. ఒక పొర గోడ వైపు కొస, అదే పొర తలుపు వైపు కొస. తర్వాత దాని పక్క పొర. ఊసి, నోరు కడుక్కుని, రెండో గొట్టం. మళ్లీ కడుక్కుని, మొదటి గొట్టం. ఇరవై రెండు చిటికెళ్లు. ప్రతిసారీ గోడ వైపు వెన్న, తలుపు వైపు కరకర.

బాబాయ్ తప్పు పెట్టలేదు. తల గోడ వైపే ఉంది. బురద అంతా సరిగ్గా ఉంది. దాని కింద ఒక్క తుంగే తిరగబడి ఉంది.

అప్పుడు ఆ గదిలో చలి ఇంకొంచెం పెరిగినట్టు అనిపించింది ఆమెకు. మిషను రొద అంతే ఉంది, దీపం అంతే ఉంది. కానీ ఇప్పటిదాకా తప్పు మనిషిది అనుకుంది. మనిషి తప్పు కాదంటే ఇంకేమిటి?

ఆమె ఒక్కో పొరా చదివి చెప్పింది, బాబాయ్ కళ్లు మూసుకుని విన్నాడు. పైన మూరెడు సముద్రపు బురద. దాని కింద జానెడు మందాన తుంగ పెళ్ల, వేర్లు పైకి, ఆకులు కిందికి. పెళ్ల కింద అడ్డంగా పేర్చిన కాడలు, చాపలాగా. చాప కింద నాలుగు వేళ్ల మందాన గట్టి బంకమట్టి. ఆ తర్వాత ఏమీ లేదు. గొట్టం చివరి జానెడు మూడింట్లోనూ ఖాళీ. పైకి లాగేటప్పుడు మట్టి జారిపోయిందని నిన్న ఆమే రాసింది. ఒక గొట్టంలో జారితే జారిందనుకోవచ్చు. మూడింట్లో, వేలెడు తేడా లేకుండా జారుతుందా?

బాబాయ్ కళ్లు మూసుకునే మాట్లాడాడు. మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"గడ్డి పెళ్లను బోర్లా ఎక్కడ వేస్తారు పిచ్చుకా? నేల మీద వేయరు. వేరు పైకి ఎండకు పెడితే మళ్లీ మొలవదు, నీరు కిందికి దిగదు. అలా వేసేది ఇంటి మీద. కింద చాప, చాప కింద మట్టి పూత. ఇది నేల కాదే. కప్పు."

జానెడు ఖాళీ జారిపోయిన మట్టి కాదు. గొట్టం కప్పును చీల్చుకుని గదిలోకి దిగిన జానెడు. దాని కింద ఇంకెంత ఖాళీ ఉందో గొట్టానికి తెలియదు. ఎనిమిది వేల ఏళ్లుగా సముద్రం బరువు మోస్తున్న ఆ కప్పు మీద నాలుగు టన్నుల ఇనుము, దాని పక్కన అన్నయ్య.

గడియారం పన్నెండు నలభై.

ఓడకు ఫోన్ చేయాల్సింది పిచ్చుకే. మామూలుగా ఆమె కాగితం మీద రాస్తుంది, ఇంకెవరో చదివి వినిపిస్తారు. పెద్ద మేడమ్‌తో ఆమె ఇన్నేళ్లలో మాట్లాడింది మొత్తం కలిపితే ఒక పేజీ నిండదు. మేడమ్ ఎదురుగా వస్తే నమస్కారం కూడా గోడకే పెట్టేస్తుందని అన్నయ్య ఎగతాళి. ఈ రోజు నంబరు తనే నొక్కింది.

మేడమ్ అంతా విన్నది. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. చివర్లో ఒకే ప్రశ్న వేసింది. గొట్టాలను ట్రేలో పెట్టింది ఎవరు?

పిచ్చుక బాబాయ్ వైపు చూసింది. ఆయన గోడకు ఆనుకుని, ఎటో చూస్తున్నాడు. నేనే పెట్టానంటే సరిపోయేది. మేడమ్ నమ్మేది కూడా. కానీ ఆ మాట అన్నాక మేడమ్ మూతల రంగు అడుగుతుంది, ఎవరు తీశారని అడుగుతుంది, ఒక అబద్ధానికి నాలుగు అబద్ధాలు కావాలి, నాలుగోదాని దగ్గర ఈ గొంతు పట్టుబడిపోతుంది. పట్టుబడితే నేల కబురు కూడా అబద్ధమైపోతుంది. ఇక్కడ నిజం చెబితే బాబాయ్ పోతాడు. చెప్పకపోతే అన్నయ్య పోతాడు.

బాబాయ్ చెప్పు, అన్నట్టు తల ఊపాడు.

"బాబాయ్ పెట్టారండి. ఆయనకి ఎనిమిది నెలలుగా రంగులు కనపడవు."

అవతల మేడమ్ నిట్టూర్చింది. అది కోపం కాదు, పెద్ద బరువు దిగినట్టుంది. ఇంకేముందమ్మా, గొట్టాలు తలకిందులయ్యాయి, అంతే, నేల గట్టిదే, ఆయన్ని ఇంటికి పంపు, మిగతాది నేనొచ్చాక మాట్లాడదాం అన్నది. సరిగ్గా పిచ్చుక భయపడినట్టే. నిజం చెప్పాక ఆ నిజమే అన్నయ్యకు అడ్డం తిరిగింది.

ఫోన్ పెట్టేయబోతున్న చప్పుడు వినిపించింది. పిచ్చుక జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ల మాటకు అడ్డుపడింది.

"ఆయన మాట కాదు మేడమ్. నా పళ్లతో నేను చూశాను. మూడు గొట్టాలు, ఇరవై రెండు చిటికెళ్లు. మట్టి నిటారుగానే ఉంది. తప్పయితే నా ఉద్యోగం తీసేయండి. పంజరం మాత్రం దించకండి."

కాసేపు అలల చప్పుడు, ఓడ మీద ఎవరో ఎవరినో పిలుస్తున్న చప్పుడు. తర్వాత మేడమ్ గొంతు మారింది. నీటి వేగం తగ్గిందని, నిన్నటి రెండు గొట్టాల మాట చాలనుకుని, పని గంట ముందుకు జరిపారట. పంజరం ఇప్పటికే సగం దిగి ఉంది. అన్నయ్య అడుక్కు చేరి ఇరవై నిమిషాలైంది. ఒక్కడే ఉన్నాడు. పంజరాన్ని ఆపమని ఆవిడ పక్కవాళ్లతో చెప్పడం పిచ్చుకకు వినిపించింది. డైవర్‌ని పైకి రమ్మని చెప్పడం కూడా వినిపించింది. లైనులోనే ఉండు అన్నది.

పిచ్చుక స్టూలు మీద కూర్చుంది. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. అయిపోయిందనుకుంది.

బాబాయ్ మాత్రం మట్టి దగ్గరే ఉన్నాడు. మూడో గొట్టంలో తలుపు వైపు కొస, అంటే బంకమట్టి ఖాళీని కలిసే చోటును, మునివేళ్లతో తడుముతున్నాడు. తడిమి తడిమి ఒక చోట ఆగాడు. ఇది ఒక్క పూత కాదే, పొరలు పొరలుగా ఉంది, ఉల్లిపాయలాగా, అన్నాడు. ఇల్లన్నాక ఏటేటా పూస్తారు కదా అని పిచ్చుక అన్నది. అంటూనే భూతద్దం తెచ్చుకుంది, ఎందుకంటే చేయి ఊరికే ఉండలేదు.

నిజమే. కాగితం మందాన పూతలు, ఒకదాని కింద ఒకటి. చాపకు దగ్గరగా ఉన్న పాత పూతల్లో సరస్సు నత్తల గుల్లలు కనిపించాయి. ఆవగింజంత ఉంటాయి, మంచినీళ్లలో తప్ప బతకవు. ఒడ్డు మట్టి తెచ్చి పూశారు కాబట్టి అవి ఉండాలి, ఉన్నాయి. ఆమె అద్దాన్ని కిందికి జరిపింది. పది పూతలు. పదిహేను. పదహారో పూతలో నత్తలు లేవు.

పదహారో పూతలో సముద్రపు గవ్వల నూక ఉంది.

ఆమె అద్దం తుడిచి మళ్లీ చూసింది. గట్టు తెగి ఉప్పునీళ్లు వచ్చేదాకా ఆ గిన్నెలో అలాంటి గవ్వ ఒక్కటి కూడా లేదు. అది వచ్చిందంటే సముద్రం వచ్చేసిందని. సముద్రం వచ్చాక, ఇల్లు మునిగాక, లోపలి నుంచి కప్పుకు మట్టి పూశారు. పదిహేడో పూతలోనూ నూకే. పద్దెనిమిది. ముప్ఫై. ఆమె లెక్క పెడుతూ పోయింది. పూతలు అయిపోలేదు. నాలుగు వేళ్ల మందంలో చాప వైపు ఒక గోరంత మాత్రమే సరస్సు కాలంది. మిగిలిందంతా తర్వాతది. నాలుగు వందలు దాటాక ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఏదో చదవకూడనిది చదువుతున్నట్టు అనిపించింది.

ఆఖరి పూత మీద, ఖాళీ వైపు, నాలుగు వేళ్ల జాడలు పక్కపక్కన ఉన్నాయి. బాబాయ్ తన వేళ్లను ఆ జాడల్లో పెట్టి చూశాడు. పట్టలేదు. పిచ్చుక చెయ్యి పట్టుకుని తెచ్చి పెట్టాడు. కొలిచినట్టు సరిపోయింది. ఆమె చెయ్యి లాక్కుంది.

బాబాయ్ ముఖం పాలిపోయింది.

"వాళ్లు నీళ్లు రాకుండా ఆ కప్పును కాచుకుంటూ ఉంటే, మనం పోయిన వారం దానికి మూడు చోట్ల చిల్లు పెట్టామే."

స్పీకర్‌లో గరగరలాడింది. మేడమ్ గొంతు, నీ అన్నయ్య నీతోనే మాట్లాడతానంటున్నాడు, కలుపుతున్నాను అన్నది. తర్వాత నీళ్ల అడుగు నుంచి, తీగ వెంట, ప్రతి మాటకూ ముందు ఒక ఊపిరి బుసతో అన్నయ్య గొంతు వచ్చింది.

"మేడమ్‌కే ఎదురు చెప్పావంట కదే పిచ్చుకా. ఇంటికొచ్చాక నీకు కొత్త పేరు పెట్టాలి."

ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ముందు పైకి రా అన్నయ్యా, తర్వాత ఏ పేరైనా పెట్టు అన్నది. వస్తున్నానన్నాడు. తాడు పట్టుకునే ఉన్నానన్నాడు. వచ్చేముందు ఒక్క సంగతి అడగాలట. పోయిన వారం గొట్టాలు ఎన్ని దింపారు, మూడే కదా అని.

మూడే అన్నది పిచ్చుక.

"మరి చిల్లులు రెండే ఉన్నాయి. మూడోది ఉండాల్సిన చోట మట్టి పెట్టి పూడ్చేశారు. ఇంకా మెత్తగానే ఉంది, వేలు పెడితే దిగుతోంది. మనవాళ్లెవరైనా పూడ్చారేమో కనుక్కో."

మేడమ్ లైనులోనే పక్కవాళ్లను అడిగింది. ఎవరూ పూడ్చలేదన్న జవాబు స్పీకర్‌లో వినిపించింది. బాబాయ్ బల్ల మీదికి వంగాడు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి గొట్టాన్నీ అడిగిన ప్రశ్ననే ఇప్పుడూ అడిగాడు.

"ఏ వైపు నుంచి పూడ్చారో చూడమను."

పిచ్చుక అడిగింది. స్పీకర్‌లో ఒక ఊపిరి వచ్చింది. ఇంకో ఊపిరి. అన్నయ్య మోకాళ్ల మీద వంగుతున్నట్టుంది, దుస్తుల రాపిడి వినిపించింది.

"కింది నుంచి," అన్నాడు. నవ్వు లేదు ఆ గొంతులో. "మట్టి పైకి ఉబికి ఉంది. లోపలి నుంచి తోస్తేనే అలా ఉబుకుతుంది."

పైకి రా అని పిచ్చుక అన్నది. తనకే వినపడనంత చిన్నగా వచ్చింది మాట. మళ్లీ అన్నది. అటు ఊపిరి చప్పుడు మారింది. చిన్న చిన్నగా, త్వరత్వరగా.

"ఆగు. లైటు రెండోదాని మీద వేశాను." ఒక ఊపిరి. "పిచ్చుకా, ఇప్పుడు దీన్ని పూడుస్తున్నారు."